శుక్రవారం సాక్ష్యం

మొన్న వాన కురిసిన రోజు మా స్టాఫ్‌రూమ్‌లో కొత్తగా చేరిన టీచరు జలుబు తట్టుకోలేక రుమాలు మీద నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసుకుంది. నేను పక్కనే కూర్చుని మూడో తరగతి నోటుబుక్కులు దిద్దుతున్నాను. ఆ వాసన ముక్కుకు సోకగానే చేతిలోని ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఒక పిల్లవాడి కూడికను తప్పని కొట్టేసి, అది తప్పు కాదని ఆ తర్వాత గ్రహించి మళ్ళీ టిక్కు పెట్టాను. పలమనేరు చలికి మా కరుణమ్మ టీచరు ఏడాదిలో సగం రోజులు అలాంటి రుమాలు చేతిలో పట్టుకునే పాఠం చెప్పేది. ఆమె దగ్గరికి వచ్చిందంటే మనిషి కంటే ముందు నీలగిరి వాసన వచ్చేది. వెనక బెంచీలో కబుర్లు చెప్పుకునే మాకు అదొక హెచ్చరికగా ఉండేది.

ఆమె గురించి రాసేటప్పుడు 'వారు', 'ఆవిడ' అని రాస్తే నాకే పరాయి మనిషిలా అనిపిస్తుంది. అందుకే మేం చిన్నప్పుడు అనుకున్నట్టే 'వచ్చింది', 'చెప్పింది' అని రాస్తున్నాను. గౌరవం తక్కువై కాదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ లేత రంగు నేత చీరలో ఉండేది. గొంతు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక పెంకుల కప్పు కింద నాలుగు గదులుండే మిషన్ బడిలో మూడో తరగతి ఆమెది. నేను ఆ బడిలో చేరడానికి పెద్ద కారణమేమీ లేదు. మా పల్లె నుంచి నాయన రోజూ పొద్దున్నే పాల కేంద్రానికి సైకిలు మీద వచ్చేవాడు. బడి ఆ దారిలో ఉంది. మా ఇంటి గోడ నిండా దేవుడి పటాలే ఉన్నా, నన్ను చేర్చేటప్పుడు నాయన హెడ్మాస్టరును అడిగింది ఒక్కటే. "పిల్లోల్ని కొడతారా సార్?" కొట్టమని ఆయన అన్నాడు. అయితే చేర్చుకోమని నాయన అన్నాడు.

ఆ బడిలో మొదట నన్ను ఇబ్బంది పెట్టింది దేవుడు కాదు, మాటలు. మా ఇంట్లో ఒక అర్థం ఉన్న మాటకు అక్కడ ఇంకో అర్థం ఉండేది. చేరిన వారంలోనే కరుణమ్మ టీచరు "రెడ్డెమ్మా, ఒక వాక్యం చెప్పు" అంది. వాక్యం అంటే నాకు తెలుసు కాబట్టి ధైర్యంగా లేచి, "ఆవు గడ్డి మేయుచున్నది" అన్నాను. తరగతి ఘొల్లుమంది. వాళ్ళ లెక్కలో వాక్యమంటే బైబిల్లోని వచనం. టీచరు మాత్రం నవ్వలేదు. "మేస్తా ఉండాది, నిజమే. ఆ గడ్డి ఇచ్చిందెవురో అది రేపు సెప్పుకుందాం, కూసో" అంది. ఆ ఒక్క మాటతో నా పరువు నిలబడింది.

ఇంకో ఆశ్చర్యం ఆమె ప్రార్థన. ప్రార్థనంటే గ్రంథంలో ఉండే తెలుగులో, గొంతు సవరించుకుని చేసేదని నేననుకున్నాను. పొద్దున అసెంబ్లీలో హెడ్మాస్టరు అలాగే చేసేవాడు. కరుణమ్మ టీచరు మా తరగతిలో కళ్ళు మూసుకుని, సంతలో తెలిసినవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది. "తండ్రీ, ఈ పిల్లోల్లకు సలి ఎక్కువగా ఉండాది. కొందురికి సొట్టర్లు లేవు. నువ్వు సూస్తానే ఉండావు గదా" అనేది. మా పలమనేరు మాటలు దేవుడికి అర్థమవుతాయని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి పోయి మా గోడ మీది పటాలకు నేనూ అలాగే మొక్కడం మొదలుపెట్టాను. అమ్మ విని, "దేవుడితో ఆ యాసేందే" అని మొట్టికాయ వేసింది.

ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్ 'సాక్ష్యం'. క్రైస్తవుల మాటల్లో సాక్ష్యం చెప్పడమంటే దేవుడు తమకు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం. మా తరగతిలో వంతుల వారీగా ఒక్కో వారం నలుగురు లేచేవారు. అందరి సాక్ష్యమూ ఒక అచ్చులో పోసినట్టే ఉండేది. నాకు జ్వరం వచ్చింది, దేవుడు తగ్గించాడు, దేవునికి స్తోత్రం. లేదా లెక్కల పరీక్షకు భయపడ్డాను, దేవుడు పాస్ చేయించాడు, దేవునికి స్తోత్రం. ఇవన్నీ వింటూ నేను బస్తాలో నోటుబుక్కులు సర్దుకునేదాన్ని. నాకు వాటితో సంబంధం లేదనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో సాక్ష్యం గొడవ నడుస్తోంది. మా పెదనాయనకూ పక్క చేని మునెప్పకూ హద్దురాయి తగాదా వచ్చి పలమనేరు కోర్టుకెక్కింది. మునెప్ప ఒక తెల్లవారుజామున రాయి పీకి నాలుగడుగులు ఇటు జరిపాడని పెదనాయన కేసు. జరిపాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. జరుపుతుంటే చూశానని నాయన కోర్టులో చెప్పాలి. నాయన చూడలేదు. ఆ రోజు ఆయన పాల కేంద్రంలో ఉన్నాడు. పెదనాయన రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. "సూసినానని ఒక్క మాట సెప్పు. ఎవురికి తెలుస్తాది?" అనేవాడు. నాయన దుప్పటి కొసలు మెలిపెట్టుకుంటూ ఉండేవాడు. మాకు కష్టం ఏమిటంటే, మా మల్బరీ తోటకు పారే నీళ్ళు పెదనాయన బావివి. రోజు మార్చి రోజు ఆయన మోటారు వేస్తేనే మా చెట్లకు తడి. ఆ ఆకు మేసే పట్టుపురుగుల మీదే మా ఇల్లు నడిచేది.

ఇట్లా ఉండగా కరుణమ్మ టీచరు గురువారం నాడు, "రేపు రెడ్డెమ్మ కూడా సాక్ష్యం సెప్తాది" అంది.  మా ఇంట్లో సాక్ష్యమంటే నల్లకోటు, బోను, ప్రమాణం, అబద్ధమైతే జైలు. వీళ్ళు నన్నెందుకు ఇరికిస్తున్నారో అర్థం కాలేదు. పక్కనుండే గ్రేసును అడిగాను. అది నాకంటే అనుభవం ఉన్నది. "నాకు కడుపునొప్పొచ్చింది, దేవుడు తగ్గించినాడు, స్తోత్రం అను. సరిపోతాది" అంది.

"నాకు కడుపునొప్పి రాలేదే?"

"వచ్చిందని సెప్పు. ఎవురికి తెలుస్తాది?"

పెదనాయన మాటే అది, అక్షరం పొల్లుపోకుండా. ఆ పూట నాకు అన్నం సహించలేదు. నిజంగానే కడుపునొప్పి వస్తే బాగుండునని మొక్కుకున్నాను. అదీ రాలేదు.

శుక్రవారం నా అదృష్టం కొద్దీ బడి నడిపే సంఘం పెద్దాయన కూడా చూడటానికి వచ్చాడు. తెల్లటి జుబ్బా వేసుకుని, టీచరు కుర్చీలో కూర్చుని మీసాలు దువ్వుకుంటున్నాడు. ముగ్గురి జ్వరాలూ పరీక్షలూ అయిపోయాయి. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. "నేను దేవుణ్ణి సూల్లేదు టీచర్. నాకు కడుపునొప్పి కూడా రాలేదు. సూడంది సూసినానని సెప్తే జైల్లో ఏస్తారంట" అనేసి ఏడ్చాను. తరగతి మొత్తం పగలబడి నవ్వింది. పెద్దాయన ముఖం ముడుచుకుంది. "ఏమ్మా, ఈ పిల్లకు ఏం నేర్పిస్తున్నారు?" అన్నాడు.

కరుణమ్మ టీచరు నా దగ్గరికి వచ్చి, నేల మీద మోకాళ్ళేసి నా ఎత్తుకు దిగింది. రుమాలుతో నా ముక్కు తుడిచింది. ఆ ఘాటుకు నాకు మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సూడంది సెప్పొద్దు పాపా. ఎవురూ అడగరు. ఈ వారంలో నీ కంటితో సూసిన మంచి ఏదైనా ఉండాదా? ఒక్కటి?" అంది. నేను ఆలోచించాను. "మా ఆవు ఈనింది. దూడకు సలేస్తా ఉంటే మా నాయన తన దుప్పటి తీసి దానికి కప్పినాడు. నాయన వణకతా కూసున్నాడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

టీచరు లేచి పెద్దాయన వైపు తిరిగింది. "అయ్యా, ఇన్నేండ్లు ఈ పీరియడ్లో నేను పిల్లోల్ల సేత అబద్ధాలు సెప్పించినానేమోనని భయంగా ఉండాది" అంది. అంత పెద్ద మనిషి ముందు, ముప్పైమంది పిల్లల ముందు, ఒక టీచరు నేను తప్పు చేశానేమో అనడం నేను అప్పటిదాకా వినలేదు. ఆ తర్వాత కూడా ఎక్కువసార్లు వినలేదు. ఆయన కోప్పడతాడనుకున్నాం. ఆయన నా వైపు తిరిగి అడిగాడు. "దూడ బతికిందా?" బతికిందన్నాను. "దేవునికి స్తోత్రం" అన్నాడాయన. ఆ స్తోత్రం మాత్రం అచ్చులో పోసినట్టు లేదు.

అప్పటి నుంచి మా శుక్రవారాల తీరు మారింది. ఆ వారంలో సొంత కళ్ళతో చూసిన మంచి ఒకటి చెప్పాలి. చూడకపోతే చూడలేదని చెప్పాలి. "దేవుణ్ణి సూడలేం. ఆయన పనులు సూడొచ్చు, కండ్లు తెరుసుకోనుంటే" అనేది టీచరు. ఆమె క్రైస్తవురాలు, ఆమెకు అవి ఆయన పనులు. మా ఇంటి పటాలవైపు నుంచి వచ్చిన నాకు ఎవరి పనులో తేల్చుకునే తెలివి లేదు. ఆమె తేల్చమని ఎప్పుడూ అడగలేదు. చూడమని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రం నాయన పాలు పితుకుతుంటే దూడ మెడ పట్టుకుని జరిగిందంతా చెప్పాను. "నేను సూడంది సెప్పలేదు నాయనా. టీచరమ్మ కొట్టలేదు. ముక్కు తుడిసింది" అన్నాను. నాయన చేతులు ఆగాయి. "అందురి ముందరా సెప్పినావా?" అన్నాడు. అవునన్నాను.  మళ్ళీ పితకడం మొదలుపెట్టాడు. ఆయన మనసులో ఏముందో ఎనిమిదేళ్ళ నాకేం తెలుసు? నా గొప్ప నేను చెప్పుకున్నాను, అంతే.

తర్వాతి బుధవారం కోర్టు వాయిదా. నాయన బోనెక్కి, "నేను ఆడ లేను సార్. సూల్లేదు" అని దిగి వచ్చాడు. పెదనాయన అక్కడే కోర్టు ఆవరణలో తమ్ముడు లేడనుకుంటానన్నాడు. మరుసటి రోజు నుంచి మోటారు నీళ్ళు మా వైపు తిరగలేదు. పది రోజుల్లో మల్బరీ ఆకు వాడి ముడుచుకుంది. అమ్మ తోటలోకి పోయి వచ్చి, నా పుస్తకాల బస్తా తీసి అటక మీద పడేసింది. "ఆ బళ్ళో సాక్ష్యాలు నేర్సుకోనొచ్చి ఇంట్లో నీళ్ళు ఆపించింది. ఇంక సదివింది సాలు" అంది. నాయన అడ్డం చెప్పలేదు. ఇంట్లో అందరిలోకీ తప్పు చేసిన బరువు నా మీదే ఉందనిపించింది. నిజం చెప్తే మంచి జరగాలి కదా, ఎండిపోవడమేమిటని నాకు టీచరు మీద కోపం కూడా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం కరుణమ్మ టీచరు మా ఇంటికి వచ్చింది. చర్చి అయ్యాక అట్నుంచి అటే మూడు కిలోమీటర్లు నడిచి వచ్చినట్టుంది, చెప్పుల నిండా ఎర్రమట్టి. కోర్టు సంగతి అప్పటికే ఊరంతా పాకింది, ఆమె చెవిన కూడా పడే ఉంటుంది. అమ్మ వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. టీచరు వచ్చి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, చేటలోంచి గుప్పెడు కాయలు తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టింది.  కాయల చిటపట తప్ప ఇంకో చప్పుడు లేదు. బడి మానిపించొద్దని ఆమె ఉపన్యాసం చెప్తుందేమోనని నేను తలుపు వెనక ఎదురుచూశాను. ఆమె అలాంటిదేమీ చెప్పలేదు.

అంతలో మునెప్ప వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, తలగుడ్డ చేతిలోకి తీసుకుని, అరుగు మీదున్న నాయనతో, "అన్నా, నా బోరులో నీళ్ళుండాయి. పైపు ఏసుకో. నీ తోట ఎండిపోతా ఉంటే నాకు మనసొప్పలేదు" అన్నాడు. అమ్మ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. నాయన అరుగు దిగి అతని దగ్గరికి నడిచాడు.

"వద్దప్పా" అన్నాడు.

"ఏంటికన్నా? నువ్వు నాకు మేలు సేసినావు గదా?"

"నీకోసరం సెప్పలేదు మునెప్పా నేను. ఇప్పుడు నీ నీళ్ళు తీసుకుంటే నీకోసరమే సెప్పినట్టయితాది."

మునెప్ప తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. నాయన ఎండుతున్న తోట వైపు ఒకసారి చూసి పశువుల కొట్టంలోకి పోయాడు. టీచరు చేతిలో కాయ సగం ఒలిచి ఆగిపోయింది. చాలాసేపటికి అమ్మతో అంది. "తప్పు నాది గూడా ఉండాదమ్మా. నిజం సెప్పమని బిడ్డకు సెప్పడం నాకు సులువు. నాకు తోట లేదు, ఎండేది లేదు. దాని ఖరీదు ఎవురు కట్టాల్నో నేను ఆలోసించలేదు." అమ్మ తల ఎత్తి మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. లేచి లోపలికి పోయి కాఫీ పెట్టింది. ఇద్దరూ తాగారు. టీచరు చెప్పులేసుకుంటుంటే అమ్మ, "రేపు పంపిస్తాలే" అంది, ఎటో చూస్తూ.

ఆ శుక్రవారం నలుగురు పిల్లలయ్యాక టీచరు తనే లేచింది. ముందెప్పుడూ ఆమె తన వంతు చెప్పలేదు. "ఈ వారం నేను ఒకటి సూసినాను" అని మొదలుపెట్టింది. "ఒక రైతు తోట నీళ్ళు లేక ఎండతా ఉండాది. ఒకాయన వచ్చి నీళ్ళిస్తానన్నాడు. ఆ రైతు వద్దన్నాడు. తను సెప్పిన నిజానికి కూలి తీసుకున్నట్టయితాదని వద్దన్నాడు. నేను ముప్పై ఏండ్లుగా ప్రార్థన సేస్తా ఉండాను పిల్లలూ. అంత గట్టిగా నిలబడగలనో లేదో నాకు తెలవదు. కంటితో సూసినాను గాబట్టి సెప్తా ఉండాను." పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. నేను మాత్రం బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. లేకపోతే లేచి మా నాయనే అని అరిచేదాన్ని.

ఇంటికి పరుగెత్తాను. నాయన తోటలో ఎండిన కొమ్మలు కొడుతున్నాడు. "నాయనా, టీచరమ్మ ఈ పొద్దు బళ్ళో నీ గురించి సాక్ష్యం సెప్పింది."

"పేరు సెప్పిందా?"

"లేదు."

"మంచిది" అని కొడవలి కింద పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది. కోర్టు నుంచి వచ్చాక ఆయన మెడ నిటారుగా ఎత్తి నడవడం నేను ఆ రోజే చూశాను.

ఆ పంట పోయింది, దాచేదేం లేదు. ఆ ఏడు పురుగులు పెంచలేదు. తర్వాతి ఏడు వానలు పడ్డాయి, కొమ్మలు కొట్టిన చోటే చిగుళ్ళు వచ్చాయి. రెండేళ్ళకు పెదనాయన తన కూతురి పెళ్ళి పత్రిక తీసుకుని ఆయనే మా గడప తొక్కాడు. కరుణమ్మ టీచరు రిటైరై, చాలా ఏళ్ళ క్రితమే కన్నుమూసింది. నేను టీచరునై చిత్తూరులో అట్లాంటి మిషన్ బడిలోనే చేరాను. మీరు క్రైస్తవులా అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. మా ఇంటి గోడ మీద పటాలు ఇప్పటికీ ఉన్నాయి, బడిలో పిల్లలతో కలిసి కళ్ళు మూసుకుంటాను, రెండు చోట్లా మాట్లాడేది మాత్రం పలమనేరు యాసలోనే. ఇంతకంటే చక్కగా జవాబు చెప్పడం నాకు రాదు.

మా తరగతిలో కూడా శుక్రవారం ఆఖరి పీరియడ్ అదే. పిల్లలందరూ అయ్యాక టీచరు కూడా చెప్పి తీరాలని నియమం పెట్టుకున్నాను. అందుకే సోమవారం నుంచే నా కళ్ళు వెతుకుతుంటాయి, బస్సులో, కూరగాయల బండి దగ్గర, మా ఇంట్లో మనుషుల మధ్య. నేను సహజంగా చిరాకు మనిషిని. ఈ వెతుకులాటే లేకపోతే ఎవరిలోనూ ఏ మంచీ చూసేదాన్ని కాదేమో. పోయిన వారం అదీ కుదరలేదు. పరీక్ష పేపర్లు, ఇంట్లో జ్వరాలు, అందరి మీదా విసుగు. శుక్రవారం వచ్చేసింది. ఏదో ఒకటి కల్పించి చెప్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది, ఒక్క క్షణం. తర్వాత లేచి ముప్పైమంది ముందు నిలబడి, "ఈ వారం నేనేమీ చూడలేదు" అన్నాను. నా ముఖం వేడెక్కింది.

ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకటి నన్ను జాలిగా చూసింది.

"పర్లేదు టీచర్. వచ్చే వారం బాగా సూడండి."